కొత్తబియ్యం వద్దన్న రోజు

పోయిన వారం లోవలక్ష్మిని పెరటి గుమ్మంలో, చేతిలో కొత్తబియ్యపు కుంచంతో నిలబెట్టి వచ్చాం. ఎదురుగా చేపలు పట్టే పల్లెవాళ్ళ పెద్దింట్లమ్మ. "ఈ బియ్యం నాకొద్దు" అన్న ఆమె మాట దగ్గర కథ ఆగింది. ఇప్పుడే ఈ కథలోకి అడుగు పెడుతున్నవాళ్ళ కోసం జరిగింది కొంత చెప్పుకుందాం.

గౌతమి ఒడ్డున వెదుళ్ళపాలెంలో సత్తిరాజు గారిది వ్యవసాయపు ఇల్లు. ఆయనకి అప్పాజీ ఒక్కగానొక్క కొడుకు. నిరుడు శ్రావణంలో గోదారి పొంగుతుంటే, ఏటి మధ్య లంకలో చిక్కుకున్న పశువుల్ని తోలుకొస్తానని వెళ్ళాడు. పశువులు ఈదుకుంటూ వచ్చాయి. మనిషి రాలేదు. పోయాడని చెప్పడానికి శవమూ దొరకలేదు. దొరకలేదు గనుకనే అతడి భార్య లోవలక్ష్మి నొసట బొట్టూ, చేతి గాజులూ అలాగే ఉన్నాయి. అత్తగారు మాణిక్యాంబ ప్రతి పూటా కొడుకు కోసం ఒక విస్తరి వేస్తూనే ఉంది. ఈ మధ్య కోరంగి రేవు ఓడ కళాసీ ఒకడు, రంగూన్ బియ్యపు మిల్లులో అచ్చం అప్పాజీలాంటి మనిషిని చూశానన్నాడు. ఆ మాట పట్టుకుని, ఉబ్బసంతో వీధి చివరిదాకా కూడా నడవలేని సత్తిరాజు గారు రేపే కాకినాడ వెళ్ళి ఓడ ఎక్కుతానని మూట కట్టుకున్నారు. ఎక్కితే ఆయన తిరిగి రారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

ఇవాళ ఆ ఇంట కొత్తలు, అంటే కొత్తబియ్యం వండుకు తినే పండగ. నిరుడు వరదకి పంట దక్కలేదు గనుక ఈ పండగ జరగలేదు. ఆనకట్ట లేని రోజుల్లో వచ్చిన ఒక కరువులో ఈ ఇంటి పిల్లల్ని బతికించింది పల్లెవాళ్ళు పెట్టిన ఎండుచేపలూ, తామరదుంపలూ. అవి పెట్టింది ఇప్పుడు ఊరి రేవులో పడవ నడిపే బుల్లియ్య తాతలు. మళ్ళీ పంట చేతికొచ్చిన ఏడు సత్తిరాజు గారి నాయనమ్మ ఇంటికొక పద్ధతి పెట్టింది. కొత్తబియ్యంలో మొదటి కుంచం ఆ పల్లెవాళ్ళ ఇంటికి వెళ్ళాలి. ఆ తరవాత ఇంటిల్లిపాదీ, ఆడామగా తేడా లేకుండా, ఒకే బంతిన కూర్చోవాలి. ముద్ద చేతిలోకి తీసుకుని, అది ఎవరి చలవో ఒక్కొక్కరూ పైకి చెప్పాలి. అందరూ చెప్పాకే నోట పెట్టుకోవాలి.

బుల్లియ్య భార్యే ఈ పెద్దింట్లమ్మ. ఇప్పుడు ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది.

"కొలత తగ్గిందని అలిగావా ఏంటి?" అని నవ్వింది లోవలక్ష్మి. "చూడు, గోపురంలా పోశాను."

మామూలు రోజైతే పెద్దింట్లమ్మ ఆ మాటకి ఊరుకునే మనిషి కాదు. "మీ అత్తగోరి చెయ్యి కన్నా మీ చెయ్యే పెద్దదండి" అని వీధి వీధంతా వినపడేలా అని ఉండేది. ఇవాళ తల కూడా ఎత్తలేదు.

"కొలతకేవండి సిన్నమ్మగోరూ. ఈ ఏడు వద్దంతే."

"అంతే అంటే ఎలాగే? నీ కుంచం గడప దాటందే మా నోట ముద్ద పడదు. మామయ్యగారు పొద్దుటినుంచీ పస్తున్నారు."

"తెలుసండి. తెలిసే వొచ్చాను, ఎదురుచూస్తారని. మా పేటలో ఒప్పుకోరండి. ఆ కర్మేదో జరిపించి, కుండలు మార్చుకోండి. అప్పుడు నేనే అడిగి పట్టుకెళ్తాను."

చావు జరిగిన ఇంట దినాలు తీరాక వంటింటి మట్టికుండలు పారేసి కొత్తవి పెట్టుకోవడం అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. పల్లెవాళ్ళ పేటలో ఇంకొంచెం పట్టింపు ఉంది. శవానికి కట్టె పేర్చినవాడి ఇంటివాళ్ళు, ఆ చనిపోయినవాడి ఇంట కుండలు మారేదాకా అక్కడి గింజ ముట్టుకోరు. రేవులో పెరిగిన పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. నోటికి అలవాటైన మాట కాబట్టి అలా వచ్చేసింది. వచ్చేశాక పెద్దింట్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఇంట కుండలు మార్చడం ఎందుకే?" అంది లోవలక్ష్మి. ఇంకా ఆమె మొహాన నవ్వు మిగిలే ఉంది. "ఎవరు పోయారని?"

పెద్దింట్లమ్మ కళ్ళు నిండాయి.

"బుల్లియ్య ఎవరికి కట్టె పేర్చాడు?"

"నన్నడక్కండి తల్లీ. గోదారి మీద ఒట్టేయించుకున్నారు అమ్మగోరు."

లోవలక్ష్మి చేతుల్లో కుంచం ఒక పక్కకి ఒరిగింది. గింజలు రెండు మూడు జారాయి. ముట్టుకోకూడదన్న ఆ కుంచం కిందే పెద్దింట్లమ్మ గబుక్కున చెయ్యి పెట్టింది, బియ్యం కోసం కాదు, ఆ పిల్ల పడిపోతుందని. కుంచాన్నీ మనిషినీ కలిపి మెల్లగా గట్టు మీద కూర్చోబెట్టింది. పక్కనే నిలబడి, ఎండ మొహాన పడకుండా అడ్డం నిలిచింది. కొంతసేపయ్యాక లోవలక్ష్మి లేచి లోపలికి వెళ్ళింది. ఏడవలేదు.

వంటింట్లో కందాబచ్చలి కూరా, గుమ్మడికాయ పులుసూ దించి ఉన్నాయి. మాణిక్యాంబ పొయ్యి ముందు కూర్చుని పరమాన్నంలో బెల్లం కలుపుతోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఇచ్చావామ్మా?"

"పుచ్చుకోలేదండి."

"ఏమందేంటి?"

"మనం కుండలు మార్చలేదుటండి."

గరిటె ఆగింది. మాణిక్యాంబ పొయ్యిలోంచి కట్టెలు ఒక్కొక్కటే వెనక్కి లాగింది, పరమాన్నం అడుగంటకుండా. లోకం ఎలా పోయినా పొయ్యి మీది వస్తువు మాడిపోకూడదని అలవాటు పడిన చేతులవి. ఆ పని పూర్తయ్యాకే కోడలి వైపు తిరిగింది. ఆమె మొహంలో బెదురు లేదు. బరువు దించుకునే చోటు కనబడిన మనిషిలా ఉంది.

"ఎప్పుడండి?" అంది లోవలక్ష్మి.

"నీకు తలంటి, కనకాంబరాలు పెట్టి జడేశానే. ఆ రోజు."

లోవలక్ష్మికి ఆ రోజు గుర్తుంది. వరద తీసి గోదారి ఒడ్లు బయటపడుతున్న రోజులు. కొడుకు క్షేమంగా రావాలని గోదారికి పసుపు కుంకుమలు ఇచ్చి వస్తానని చెప్పి, మాణిక్యాంబ తెల్లవారుతూనే బుల్లియ్య పడవ ఎక్కింది. ఎండెక్కాక తడిసిన చీరతో తిరిగి వచ్చింది. చీరైనా మార్చుకోకుండా కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, నలుగు పెట్టి తలంటింది. ఆ రోజు అత్తగారి చేతుల్లో ఎంత జాలి ఉందంటే, ఏదో మంచి కబురు వచ్చిందనుకుంది లోవలక్ష్మి. "వస్తారటా అత్తయ్యా?" అని కూడా అడిగింది. "వస్తాడు. నువ్వు తల కదపకు" అంది మాణిక్యాంబ.

"ఆ చేతుల్తోనేనా అత్తయ్యా నాకు పూలు పెట్టారు?"

"ఆ చేతుల్తోనే."

"నన్ను ఏడవనివ్వలేదు కదండీ మీరు." లోవలక్ష్మి పెరటి గుమ్మం వైపు చూసింది. "రోజూ సాయంత్రం రేవు దాకా వెళ్ళి చూసొచ్చాను. పడవ కనబడితే చాలు పరుగెత్తేదాన్ని. మీరు చూస్తూనే ఉన్నారు. చూస్తూ ఊరుకున్నారు."

"ఊరుకోలేదమ్మా. నువ్వు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని."

"ఎందుకండీ ఇదంతా?"

మాణిక్యాంబ వెనక వసారా చివర ఉన్న చిన్నగది వైపు చూసింది. ఇప్పుడు దాన్లో తవుడూ, పాత తట్టలూ ఉన్నాయి.

"మా అత్తగారి చెల్లెలు ఆ గదిలోనే ముసలిదైపోయింది. నీ వయసులోనే మొగుడు పోయాడు. పండగనాడు ఎదురు రాకూడదు, విస్తరి వెయ్యకూడదు, పొయ్యి దగ్గరకి రాకూడదు. అన్నం నేనే పట్టుకెళ్ళేదాన్ని. తలుపు చాటు నుంచి అడిగేది, 'కూరలో ఉప్పు సరిపోయిందా అమ్మాయ్, నువ్వు కొంచెం తగ్గిస్తావు' అని. వండే చెయ్యి మరి, వండకపోయినా మరిచిపోలేదు. నీకు పుట్టింట ఎవరున్నారని పంపను? ఈ పొయ్యీ, ఈ వసారా, ఈ మనుషులూ, అంతే కదా నీకున్నది. మీ మామయ్య మంచివారే. కాని ఆచారం అంటే ఆచారమే ఆయనకి. వాడు ఎలాగూ రాడు. నువ్వయినా ఇంట్లో తిరుగుతావనుకున్నాను."

లోవలక్ష్మి గోడకి జారగిలబడింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కాని అది నిలబడడానికి లోపల చోటు దొరకలేదు. కొడుకు పోయాడని తెలిసి, ఆ తెలిసిన సంగతిని మింగి, తనకి దిష్టి తీసి, తనతో కలిసి అతడి రాక కోసం మొక్కులు మొక్కిన మనిషి ఎదురుగా ఉంది. ఇన్నాళ్ళూ తామిద్దరూ కలిసి ఎదురుచూస్తున్నారనుకుంది. ఎదురుచూసింది తనొక్కతే. అత్తగారు చేసింది కాపలా.

"మామయ్యగారు రేపు ఓడెక్కుతారండి."

"ఆపుతాను."

"ఏం చెప్పి ఆపుతారండి?"

మాణిక్యాంబ పరమాన్నం కిందికి దించింది. ఇంతలో వసారాలోంచి సత్తిరాజు గారి చెల్లెలు రత్నమాణిక్యం గొంతు వినపడింది. కొత్తలకని కోరుకొండ నుంచి వచ్చింది ఆమె.

"వదినా! అత్తా కోడళ్ళు ఆ వంటింట్లోనే కాపరం పెట్టారా ఏంటి? మా అన్నయ్య విస్తరే తినేసేలా ఉన్నాడు!"

"వస్తున్నాం" అని మాణిక్యాంబ కోడలి మొహం కొంగుతో తుడిచింది. "కుంచం ఇచ్చేశానని చెప్పు తల్లీ. ఈ ఒక్క బంతి గడవనీ."

బంతి వేశారు. మొదట సత్తిరాజు గారు, ఆయన పక్కన అప్పాజీ కోసం వేసిన విస్తరి, తరవాత రత్నమాణిక్యం, మాణిక్యాంబ, చివర లోవలక్ష్మి. అన్ని విస్తళ్ళలోనూ వడ్డించారు. మనిషి లేని విస్తరిలో మరికాస్త ఎక్కువే వడ్డించారు.

"పల్లెవాళ్ళ కుంచం వెళ్ళిందా?" అన్నారు సత్తిరాజు గారు.

లోవలక్ష్మి నోరు తెరిచేలోగా మాణిక్యాంబ అంది, "వెళ్ళిందండి."

ఆయన కొత్త అన్నం ముద్ద చేసి చేతిలో పట్టుకున్నారు. కాస్త దగ్గి, ఊపిరి నిలదొక్కుకుని అన్నారు. "ఇది మా అబ్బాయి చలవ. వరదకి ముందే వాడు దిగువ చేనుకి గట్టు వేయించబట్టి ఈ ఏడు ఈ గింజ దక్కింది. వచ్చే కొత్తలకి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తింటాను."

"నాది మా అన్నయ్య చలవ" అంది రత్నమాణిక్యం. "ఆడపడుచుని మరిచిపోకుండా పిలిచాడు. పులుసు పల్చనయినా పిలుపు చిక్కనే." ఎవరైనా నవ్వుతారేమోనని చూసింది. ఎవరూ నవ్వలేదు.

మాణిక్యాంబ విస్తరి వైపే చూస్తూ, "నా కోడలి చలవ" అంది.

ఇక మిగిలింది లోవలక్ష్మి. ఒక్క మాట చెబితే చాలు. గోదారి చలవ అంటే సరిపోతుంది. అందరూ ముద్ద నోట పెట్టుకుంటారు, బంతి గడిచిపోతుంది, తన గాజులు తన చేతులకే ఉంటాయి. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన వెనక స్తంభానికి రంగూన్ మూట వేలాడుతోంది. నిన్న ఆ మూట కడుతూ, "వాడికి నువ్వేమైనా పంపుతావా అమ్మా?" అని ఆయన అడిగారు, సిగ్గుపడుతూ. తను ఆవకాయ చిన్నజాడీలో పెట్టి, మూతకి గుడ్డ కట్టి ఇచ్చింది. సముద్రం మీద ఆ జాడీ ఒలక్కుండా ఆయన దాన్ని పంచెల మధ్య, అన్నిటికన్నా భద్రంగా పెట్టుకున్నారు.

"నాది మా అత్తయ్య చలవండి" అంది లోవలక్ష్మి. "ఇదొక్కటే కాదు. నిరుటినుంచీ నేను తిన్న ప్రతి ముద్దా ఆవిడ చలవే. కడుపుకోత కొంగులో దాచుకుని నాకు అన్నం పెట్టిందావిడ." మామగారి వైపు తిరిగింది. "మామయ్యగారూ, మీరు ఓడెక్కొద్దండి. ఆయన రంగూన్లో లేరు."

రత్నమాణిక్యం చేతిలో ముద్ద విడిపోయి విస్తట్లో పడింది. సత్తిరాజు గారు కోడలి వైపు చూశారు. తరవాత భార్య వైపు చూశారు. చేతిలోని ముద్దని, కోడిపిల్లని నేల మీద దించినట్టు, మెల్లగా విస్తట్లోకి దించారు.

"ఎక్కడ?"

"చిట్టిలంక ఎగువనండి" అంది మాణిక్యాంబ. "తుమ్మచెట్ల దగ్గర చిక్కుకుని ఉన్నాడు. బుల్లియ్య చూసి, ముందు నాకొచ్చి చెప్పాడు."

"నిప్పెవరు పెట్టారు?"

"బుల్లియ్య కట్టె పేర్చాడు. నిప్పు మటుకు పెట్టనన్నాడు. 'తండ్రి ఉండగా నేనెలా పెడతానమ్మా, కబురు చేద్దాం' అని ఏడిచాడు. నేను వద్దన్నాను." ఆమె గొంతు చెక్కు చెదరలేదు. "నేనే పెట్టానండి."

రత్నమాణిక్యం ఘొల్లుమంది. ఏడుస్తూనే లేచి, జరగవలసింది జరిగిపోవాలన్నట్టు లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని గాజుల మీదికి వేళ్ళు పోనిచ్చింది.

"రత్నం, చెయ్యి తియ్యి" అన్నారు సత్తిరాజు గారు.

"అది కాదన్నయ్యా, ఇప్పటికే ఏడాది మైల, ఊళ్ళో తెలిస్తే..."

"తియ్యమన్నాను. ఆ పిల్ల గాజులతోనే నాతో చిట్టిలంకకి వస్తుంది. వాడు చూసి వెళ్ళినట్టుగానే కనబడనీ వాడికి."

ఆచారం కోసం కొండనైనా ఢీకొనే మనిషి నోట ఆ మాట వస్తుందని మాణిక్యాంబ అనుకోలేదు. ఆమె అంత జాగ్రత్తగా దాచుకు వచ్చిన కన్నీరు అప్పుడు మొదలైంది. ఆయన మాత్రం అటు చూడలేదు. స్తంభం పట్టుకుని లేచి, చెయ్యి కడుక్కుని, పెరటి దారిన రేవుకి నడిచారు. దారిలో రెండు చోట్ల నిలబడి ఊపిరి తీసుకున్నారు. లోవలక్ష్మి ఒకడుగు వెనకగా నడిచింది, ఆయన తూలితే పట్టుకునేంత దూరంలో.

రేవులో బుల్లియ్య పడవ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దింట్లమ్మ ముందే వచ్చి అన్నీ చెప్పేసినట్టుంది. అయ్యగారి మొహం చూడలేక నీళ్ళ వైపు తిరిగాడు. సత్తిరాజు గారు అతడి భుజం మీద చెయ్యి వేసి పడవ ఎక్కారు. భుజం మీద పడిన ఆ చెయ్యి బరువుకే బుల్లియ్య వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు మాణిక్యాంబ గట్టు దిగింది. వడ్డించేప్పటి చీరతోనే, చెప్పులు లేకుండా.

"నువ్వెందుకు?" అన్నారు సత్తిరాజు గారు, వెనక్కి తిరక్కుండా. "నువ్వు చూశావు కదా. నేనే చూడలేదు. నా కొడుకు మొహం ఆఖరిసారి నాకు చూపించకుండా నువ్వొక్కదానివే చూశావు."

మాణిక్యాంబ నీటి అంచున ఆగిపోయింది. ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు, వెనక్కీ వెయ్యలేదు. లోవలక్ష్మి ఒక కాలు అప్పటికే పడవ అంచు మీద పెట్టి ఉంది. ఆ కాలు తీసి, మళ్ళీ బురదలో పెట్టింది.

"అత్తయ్య రాకపోతే నేను ఎక్కనండి."

కాపరానికి వచ్చాక మామగారి మాట కాదనడం అదే మొదటిసారి. ఆమెకే ఆశ్చర్యం వేసింది. పెద్దింట్లమ్మ గట్టు మీద నుంచి చూస్తోంది.

"వెళ్ళు తల్లీ" అంది మాణిక్యాంబ. "వాడు నీ వాడు. నా కోసం మానెయ్యకు."

లోవలక్ష్మి కదల్లేదు. అత్తగారి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బెల్లం జిగురు ఇంకా ఆరని ఆ చేతిని, నిప్పు పెట్టిన ఆ చేతినే, గట్టిగా పట్టుకుంది.

సత్తిరాజు గారు ఇద్దర్నీ చూశారో లేదో తెలీదు. "తియ్యి బుల్లియ్యా" అన్నారు.

బుల్లియ్య గెడ వేశాడు. పడవ రేవు వదిలింది. మార్గశిరపు గోదారి నిదానంగా పోతోంది. ఒడ్డున ముగ్గురు ఆడవాళ్ళూ చూస్తూ నిలబడ్డారు. పడవలో ఆయన వీపు చిన్నదవుతోంది. నడి పాయలోకి వెళ్ళాక ఆ వీపు ఒక్కసారి ముందుకి వంగింది. దగ్గో, ఏడుపో ఒడ్డుకి వినపడలేదు. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు కాబోలు, బుల్లియ్య గెడ పైకి ఎత్తాడు. మళ్ళీ నీళ్ళలో వెయ్యలేదు. పడవ అటూ పోకుండా, ఇటూ రాకుండా, ప్రవాహానికి అడ్డం తిరిగి అక్కడే నిలిచింది.